ఒక్క పైపులో వీధంతా

అతని అసలు పేరు పెళ్లానికైనా గుర్తుందో లేదో. ఇంటింటికీ ఇంటర్నెట్ తీగలు లాగే పని కాబట్టి అందరూ సాలీడు అనేవారు. అతను స్తంభం ఎక్కే వేగం చూసి కోతులు సిగ్గుతో తోకలు ముడిచేవంటే నమ్మండి.

ఆ తీగల్లో ఒకటి సొంత అక్కది. మొగుడు పోయాక ఆవిడ బతుకంతా ఆ తీగ చివరే వేలాడింది. ఎక్కడెక్కడి డాక్టర్లో రోగుల గురించి చెప్పి పంపే మాటలు చెవికి తగిలించుకుని విని, టైపు కొట్టి పంపేది. ఒక్క పూట పని అందకపోతే కంపెనీ ఇంకొకరిని పెట్టేసుకుంటుంది.

అలాంటప్పుడు సర్కారు ఇంటర్నెట్ మీద పన్ను వేసింది. స్తంభం నుంచి దిగే తీగకింత అని లెక్క. పన్నులాఫీసు మనుషులు కింద నిలబడి, కొంగల్లా మెడలు చాచి తీగలు లెక్కపెట్టేవారు.

"ఊరికే పోదమ్మా, ఆ డబ్బుతో ఆసుపత్రి కడతారు," అన్నాడు వాళ్లలో ఒకడు.

"కట్టండి నాయనా, కట్టండి. అందులో డాక్టరు చెప్పింది టైపు కొట్టేదాని నోరు కొట్టి మరీ కట్టండి," అంది అక్క. "తుమ్మితే పన్నెంతో కూడా ఇప్పుడే చెప్పేసి పో!"

వీధంతా పడీపడీ నవ్వింది. నెల తిరక్కుండానే ఆ నవ్వినవాళ్లే పన్ను కట్టలేక తీగలు తీయించుకోవడం మొదలెట్టారు. కోసేది సాలీడే. గుమ్మానికో శాపనార్థం తిన్నాడు. అక్క వంతు వచ్చేసరికి కట్టరు పట్టిన చెయ్యి కదల్లేదు.

అప్పుడు పుట్టింది ఆ దిక్కుమాలిన తెలివి. మొక్కలకు నీళ్లు పట్టే పైపు తెచ్చి, అక్క తీగా ఇరుగుపొరుగు తీగలూ అన్నీ అందులో దూర్చి, అక్క గోడకున్న తీగలు కలిపే పెట్టెలో దించాడు. అక్కణ్ణుంచి గోడల వెనకగా ఎవరి తీగ వారింటికి. కింద నుంచి చూస్తే ఒక్కటే. పన్నూ ఒక్కటే, అందరూ తలా కాస్త.

"పట్టుకుంటే ఏమని చెప్పనురా?"

"నీళ్ల పైపని చెప్పు."

"స్తంభం మీంచి నీళ్లొస్తాయేంట్రా, తలతిక్కవాడా!"

వచ్చాయి. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. తొడుగు వేస్తే పైమూతి మూయాలని నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, దొంగపని కంగారులో దాన్నే మర్చిపోయాడు. నీళ్లు పైపు వెంట తిన్నగా పెట్టెలోకి దిగాయి. వీధి మొత్తానికి ఇంటర్నెట్ చచ్చింది. తడుస్తూ ఎక్కి బాగుచేసేసరికి సాయంత్రమైంది. కంపెనీలో అక్క కుర్చీ అప్పటికే ఇంకొకరిది.

"నావల్లే అక్కా."

"నీవల్లేరా. మరెవరివల్ల?"

తిట్టలేదు, ఏడవలేదు. నాలుగు తన్నినా బాగుండుననిపించింది సాలీడుకి.

వీధుల గుట్టు తెలిసినవాళ్లు కావాలని పన్నులాఫీసువాళ్లు కొత్తగా పనిలోకి తీసుకుంటున్నారు. ఆకలికి సిగ్గెక్కడిది? అక్క చేరిపోయింది.

ఆ తర్వాత ఓ పొద్దున, పక్క వీధి స్తంభం మీద సాలీడు ఇంకో పైపులో తీగలు దూరుస్తుంటే కింద నుంచి గొంతు వినిపించింది.

"లోపల ఎన్నిరా?"

అక్క. పక్కన ఆఫీసు మనిషి.

"అక్కా, వీళ్లూ మనలాంటోళ్లే."

"తెలుసు. ఎన్నో చెప్పు. తప్పు లెక్క ఇస్తే ఈ ముద్ద కూడా పోతుంది."

సాలీడు పైపు మూతిని అరచేత్తో కప్పేశాడు. "ఏడు."

అక్క పైపు వైపు చూడనేలేదు. ఏ ఇంట్లో తీగ ఉందో లెక్కపెట్టుకుంటూ వీధి పొడవునా ఇళ్ల మీదుగా చూపు తిప్పింది.

"తొమ్మిది," అని రాయించింది.