మొదటి రికార్డుకు ఎసరు

వాకాట్లో ఆ రోజుల్లో గడియారం ఉన్న ఇళ్ళు నాలుగో అయిదో. వాటిలో రెండు నడిచేవి కావు. అయినా సాయంత్రం వంట ఏ ఇంట్లోనూ ఆలస్యమయ్యేది కాదు. దానికి కారణం ఏసుమణి.

ఊరి చివర, స్వర్ణముఖి గట్టుకు ఇవతల, రంగనాయకులు టూరింగ్ టాకీసు డేరా ఉండేది. కార్తీకంలో తుఫాన్ల భయానికి విప్పేసి, పుష్యంలో మళ్ళీ వేసేవాళ్ళు. ఆట మొదలయ్యేలోపు డేరా మీది హారన్లో మూడు రికార్డులు వేయడం ఆనవాయితీ. మొదటిది గణపతి ప్రార్థన. అది వినబడగానే ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు. రెండో రికార్డుకు గంజి వార్చేవాళ్ళు. మూడోది పడేసరికి పిల్లలకు ఇంత పెట్టి, తాము ఇంత తిని, డేరాలో ఇసక మీద చోటు పట్టుకునేవాళ్ళు.

ఆ రికార్డులు వేసేది ఏసుమణి. ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపేదీ ఆమే. ఆమె భర్త జకరయ్య డేరాలో ఇంజను చూసుకునేవాడు. విషజ్వరం వచ్చి పోయాడు. అప్పుడు యజమాని రంగనాయకులు గారు ఆమెను పిలిచి గేటూ, గ్రామఫోనూ అప్పజెప్పారు. రికార్డుకూ రికార్డుకూ మధ్య ఆమె బొత్తిగా తొందరపడేది కాదు. మగవాళ్ళు విసుక్కుంటే, "అన్నం ఉడకొద్దా అబ్బయా? మీ పెళ్ళాం రాకుండా మీరొక్కరే చూస్తారా ఆట?" అనేది. ఆదివారం పొద్దున చర్చిలో కీర్తన పాడేది, సాయంత్రం డేరాలో గణపతిని వేసేది. ఆ రెంటికీ ఆమె దగ్గర ఎప్పుడూ పేచీ రాలేదు. పేచీలన్నీ మనబోటి వాళ్ళకే.

నాకు బస్సు ఆగే చోట సైకిలు షాపు ఉండేది. పని తక్కువ, కబుర్లు ఎక్కువ. ఆ గుణం చూసే కాబోలు, నెల్లూరి వారపత్రిక ఒకటి నన్ను వాకాడు విలేకరిని చేసింది. జీతం లేదు. వార్త కింద 'రమణయ్య, వాకాడు' అని వేస్తారు, అంతే. ఆ రెండు ముక్కల కోసం నేను చేసిన పాపాల్లో పెద్దది ఇది.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఒక సాయంత్రం డేరా హారన్లో గణపతి ప్రార్థన రాలేదు. దాని బదులు ఏదో సినిమా పాట వచ్చింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. సగం ఇళ్ళలో అన్నాలు ఆలస్యమయ్యాయి, డేరాకు జనం తగ్గారు. ఊరంతా చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టింది.

మా వైపు ఒక లెక్క ఉంది. బస్సు చేతులు మారితే ముందు మారేది డ్రైవరు నెత్తి మీది దేవుడి పటం. కొన్నవాడు వాళ్ళ ఇలవేల్పును తెచ్చి తగిలిస్తాడు. రైసుమిల్లయినా అంతే. పటం మారిందంటే యజమాని మారాడని ఇక ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ లెక్కనే, గణపతి పోయాడంటే డేరా అమ్ముడుపోయిందని నా షాపు ముందు బెంచీ మీద నిర్ణయమైపోయింది. రంగనాయకులు గారు అప్పటికే పోయారు. డేరా ఆయన పెద్దకొడుకు పద్మనాభయ్య చూసుకుంటున్నాడు. ఏసుమణికి తండ్రి పెద్దయ్య, కొడుకు చిన్నయ్య. ఆయన ఆ వారంలో మూడుసార్లు ఇస్త్రీ చొక్కా వేసుకుని నాయుడుపేట బస్సెక్కడం నా రెండు కళ్ళతో చూశాను. నాకు అంతకంటే ఏం కావాలి? 'విశ్వసనీయంగా తెలిసింది' అని మొదలుపెట్టి రాసి పంపాను.

అచ్చయింది. తరువాతి వారం ఇంకో పత్రికవాడు కొన్నది దొరవారిసత్రం రైసుమిల్లు ఆసామి అని రాశాడు. ఆపై వారం మూడోవాడు ధర కూడా వేశాడు. మంచి ధర. నాకే ఆశ్చర్యమేసింది. నేను నాటిన మొక్కే అయినా, అంత కాపు కాస్తుందని అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఏసుమణి షాపుకు వచ్చింది. తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుని బెంచీ చివర కూర్చుంది.

"రమణయ్యా, డేరా అమ్మేసినారని పేపర్లో నువ్వే రాసినావంట. చదువు, ఇంటాను," అంది.

చదివాను. గొంతు కాస్త సవరించుకుని మరీ చదివాను.

"నీకెవురు చెప్పినారు?"

"ఊరంతా అంటుండాది గదక్కా."

"ఊరికెవురు చెప్పినారు?"

గణపతి రికార్డు సంగతి చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. అప్పుడు అసలు సంగతి చెప్పింది. అకాల వానకు రికార్డుల పెట్టె తడిసిందట. ఆరుతాయని అన్నిటినీ ఎండలో పరిచిందట. ఎవరో పలకరిస్తే మాటల్లో పడిందట. వచ్చి చూసేసరికి గణపతి రికార్డు అప్పడంలా వంపు తిరిగింది. సాపు చేద్దామని గుడ్డలో చుట్టి రోటి పొత్రం కింద పెట్టింది. తెల్లారి చూస్తే రెండు ముక్కలు.

"అది పెద్దయ్య మద్రాసు నించి ఒళ్ళో పెట్టుకొని తెచ్చినాడు. చిన్నయ్యకు ఏ మొగం పెట్టుకొని చెప్పేది? నన్ను పొమ్మంటే యాడికి పోవాల? అందుకే నోరు మూసుకోనుండా," అని కళ్ళు ఒత్తుకుంది. తప్పు రాశానని ఒప్పుకోవడం విలేకరికి అంత తేలిక కాదు. సవరణ రాయలేదు.

అసలు ముప్పు ఆ శనివారం వచ్చింది. పద్మనాభయ్య తమ్ముళ్ళిద్దరూ నెల్లూరు నుంచి పత్రిక చేత పట్టుకుని దిగారు. మాకు చెప్పకుండా ఎట్లా అమ్మావని మొదట కేకలు. అమ్మలేదని ఆయన ప్రమాణం చేశాక, మాట తిరిగింది. ఇంత ధర వస్తుంటే ఎందుకు అమ్మవు? జనం ఎటూ తగ్గారు. ఇవాళ్టి వసూలు చూసి రేపే తేల్చేద్దాం అన్నారు. డేరా ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎవడో గాలికి రాసిన ధర పట్టుకుని అన్నదమ్ములు బేరం ఆడుతున్నారు. నా వార్త కొంపలు ముంచుతోందని అప్పుడు తెలిసింది నాకు.

రికార్డు వేసే వేళయింది. ఏసుమణి గ్రామఫోను దగ్గరికి వెళ్ళింది. రికార్డు వేయలేదు. పక్కనే ఉన్న మైకు తీసుకుంది. పదేళ్ళలో ఆమె దాన్ని తుడవడమే తప్ప అందులో మాట్లాడింది లేదు.

"అమ్మలారా, నేను ఏసుమణిని," అంది. హారన్లో ఆ గొంతు సరుగుడు తోపుల దాకా పోయింది. "డేరా ఎవురూ అమ్మలా. గణపతి రికార్డు నేను పగలగొట్టినా. భయపడి చెప్పలేదు. తప్పు నాది. చిన్నయ్యా, నన్ను ఏమైనా చెయ్, డేరా మాత్రం అమ్మొద్దు."

పద్మనాభయ్య కుర్చీలోంచి లేచి ఆమె దగ్గరికి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"అక్కా, ఆ మొదటి రోజే తెలుసు నాకు. ముక్కలు నీ పెట్టెలో చూసినా. అడిగితే నువ్వు సిగ్గుపడతావని అడగలా. అట్టాంటిది దొరుకుద్దేమోనని మూడుసార్లు నాయుడుపేట పోయినా. పాత రికార్డులు అమ్మే వాళ్ళందర్నీ అడిగినా. యాడా దొరకలా."

ఇస్త్రీ చొక్కా ప్రయాణాలు అవీ! నేను సాక్ష్యంగా పత్రికకెక్కించినవి! అక్కడే ఇసకలో కూరుకుపోతే బాగుండుననిపించింది.

ఏసుమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. మైకు ఇంకా చేతిలోనే ఉంది. "పొద్దుపోతుండాది, ఎసరు పెట్టుకోవాల గదా వాళ్ళు," అని తనలో తను అనుకున్నట్టు అని, కళ్ళు మూసుకుని గణపతి ప్రార్థన ఎత్తుకుంది.

పదేళ్ళు రోజూ విన్న పాట. రికార్డులో వాయిద్యం వచ్చేచోట ఆగింది, గొంతు పెంచేచోట పెంచింది. ఆ రికార్డు మీద ఒక గీత ఉండేది. అక్కడికొచ్చేసరికి ముల్లు ఎగిరి ఒక మాట రెండుసార్లు పలికేది. ఏసుమణి కూడా ఆ మాట సరిగ్గా రెండుసార్లే పాడింది. డేరా ముందున్న వాళ్ళం అందరం నవ్వాం. నవ్వుతూనే నేను కళ్ళు తుడుచుకున్నాను. దాచడం దేనికి?

మా ఆవిడ గురవమ్మ ఆ మాట దగ్గరే ఎసరు పెట్టిందట. రెండో రికార్డయ్యేసరికి గట్టు మీద లాంతర్లు బారులు తీరాయి. ఆ రాత్రి ఇసకలో కాలు పెట్టే చోటు లేదు. తమ్ముళ్ళు ఆట పూర్తిగా చూసి, పొద్దున్నే ధర మాట ఎత్తకుండా బస్సెక్కారు. నేను ఆ వారం నా తప్పు నేనే రాసి పంపాను. పత్రికవాడు దాన్ని చివరి పేజీలో, తలనొప్పి మందు ప్రకటన కింద వేశాడు.

ఆ తరువాత అయిదేళ్ళు మొదటి రికార్డు ఏసుమణి గొంతే. ఆ ఒక్క మాట ఎప్పుడూ రెండుసార్లే. గణపతికి పాడుతున్నావట గదా అని చర్చిలో ఎవరో దెప్పితే, "నేను గణపతికి పాడలా, ఎసరుకు పాడినా," అందట.

అరవై ఆరులో మా పొరుగున ఉన్న కోట ఊళ్ళో పక్కా హాలు కట్టారు. కుర్చీలూ, ఫ్యాన్లూ. జనం అటు మళ్ళారు. ఆ ఏడు కార్తీకంలో విప్పిన డేరాను పద్మనాభయ్య మళ్ళీ వేయలేదు. పుష్యం రాగానే గుంజలూ, గుడ్డా, ఇంజనూ నిజంగానే అమ్మేశాడు. ఈసారి అది మొట్టమొదట తెలిసింది నాకే. రాయలేదు. రాయబుద్ధి పుట్టలేదు. ఆ బళ్ళు ఊరు దాటిపోతుంటే సైకిలు షాపు మూసేసి ఇంటికి వెళ్ళి కూర్చున్నాను.

గురవమ్మ బియ్యం కడిగి పక్కన పెట్టుకుని పొయ్యి ముందు ఉంది. చీకటి పడుతోంది.

"ఎసరు పెట్టవేం?" అన్నాను.

"ఏటా ఈ రోజుకు డేరా వేసేస్తారు గదా. ఇంకా రికార్డు పడలా," అంది. అన్నాక నా ముఖం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలో వాకిట్లో అలికిడయింది. ఏసుమణి. ఎప్పటి తెల్లచీరే, కొంగు నెత్తిన కప్పుకుని ఉంది.

"గురవమ్మా, పొద్దుపోయింది తల్లీ. ఎసరు పెట్టుకో," అంది.

పిలిచినా కూర్చోలేదు. పక్కింటికి వెళ్ళి వాళ్ళకూ అదే చెప్పింది. వీధి చివరిదాకా ఇల్లిల్లూ ఆగి చెప్పుకుంటూ పోయింది.