మౌలాలన్న మాట్లాడని ఇరవై రోజులు

మొన్న పులివెందులలో అరటిగెలలు ఎక్కించుకుని వస్తున్నాను. ముద్దనూరు దాటాక రోడ్డు మిట్టకు లేచేచోట ముందు ఒక లారీ మూలుగుతూ ఎక్కుతోంది. కిటికీలోంచి వాసన వచ్చింది. పాత గోనెసంచీ, వెంట్రుకలు కలిపి కాల్చినట్టుండే వాసన. క్లచ్ కాలుతున్న వాసన అది. ఒకసారి ముక్కుకు తగిలితే మరిచిపోయేది కాదు. ఆ డ్రైవరు ఎవరోగానీ క్లచ్ మీదనుంచి కాలు తీయడం లేదు. "తియ్యప్పా కాలు, ఆడ నిద్రపోతాండావా?" అన్నాను, అతనికి వినపడదని తెలిసి కూడా. అన్న తర్వాత గుర్తొచ్చింది, ఆ మాట నాది కాదు. మౌలాలన్న మాట. ఆ గొంతు విరుపుతో సహా నా నోట్లోంచి వచ్చింది.

మౌలాలన్న ప్రొద్దుటూరులో లారీ తోలడం నేర్పించేవాడు. నాకు నలభై ఆరేళ్ళప్పుడు, ఇద్దరు మనవరాళ్ళు పుట్టిన తర్వాత, ఆయన దగ్గర చేరాను. ఆయన నీకేం నేర్పించాడని ఎవరైనా అడిగితే లారీ అని చెప్తాను. అది సగమే. మిగతా సగం ఏమిటో నాకు ఇప్పటికీ తేలలేదు. తేలనిదాన్ని ఎలా రాస్తారో తెలియదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. నేను చదివింది మూడో తరగతి. మా ఆయనకు సొంత లారీ ఒకటి ఉంది. క్వారీల నుంచి నాపబండలు, పులివెందుల నుంచి అరటిగెలలు తోలేవాడు. చక్కెర జబ్బు ఆయన కళ్ళ మీదికి వచ్చింది. ఒక పొద్దున ఎదురుగా వచ్చే బస్సు ఒకటో రెండో తెలియక, లారీని పక్కకు తీసి ఆపి, ఇంకో డ్రైవరును పిలిపించుకుని ఇల్లు చేరాడు. మళ్ళీ స్టీరింగు పట్టలేదు. ఇద్దరు డ్రైవర్లను పెట్టాం. మొదటివాడు నెలలోనే క్లచ్ కాల్చాడు, రెండోవాడు చెప్పకుండా మానేశాడు. లారీ ఇంటి ముందర నిలబడిపోయింది. టైర్లు ఎండకు పగుళ్ళు తీస్తుంటే చూడలేక గోనెపట్టాలు కప్పాను. మైదుకూరు నుంచి ఒకాయన వచ్చి చుట్టూ తిరిగి చూసి, తానే కొంటానన్నాడు. మా ఆయన "ఉగాది దాకా ఆగప్పా" అన్నాడు. ఉగాదికి మూడు నెలలుంది.

ఆ రాత్రి అన్నం పెడుతూ, నేను నేర్చుకుంటానన్నాను. పొలంలో ట్రాక్టరు తోలేదాన్ని, దానికి లైసెన్సు కూడా ఉంది. పెద్ద బండికి ఎనిమిదో తరగతి చదివి ఉండాలనే నిబంధన తీసేశారని విన్నాను.

మా ఆయన నవ్వాడు. "నువ్వా? అగ్గిపుల్ల గీసేదానికి మనసొప్పక పక్కింటి పొయ్యి మండేదాకా కాసుకోని ఉంటావు. డీజిలు కొట్టిచ్చేటప్పుడు నీ పానం పోతాది మే."

"పానం పోతే పోనీ. బండి పోగూడదు" అన్నాను.

డ్రైవింగ్ స్కూలంటే రేకుల గది, దాని వెనక ఖాళీ నేల, ఒక పాత లారీ. పేర్లు రాసుకునే ఆయన "ఎవురికమ్మా, కొడుక్కా?" అన్నాడు. నాకే అన్నాను. కారా అన్నాడు. లారీ అన్నాను. పెన్ను కింద పెట్టి లోపలికి కేకేశాడు. "మౌలాలన్నా, ఒగసారి ఈడికి రా. ఇది నువ్వు చూసుకోవాల్సిందే."

వచ్చినాయన అరవై దాటిన మనిషి. పొట్టిగా, తెల్లగడ్డంతో, లుంగీ మీద ఖాకీ చొక్కా వేసుకుని ఉన్నాడు. నా మొహం చూడలేదు, నా కాళ్ళు చూశాడు. "ఈ కుచ్చిళ్ళు పెడలు కింద పడినాయంటే ఇద్దరమూ పోతాం. నాకింకా హజ్‌కు పోయేది ఉండాది" అన్నాడు. మరుసటి రోజు నాట్లకు పోయేటప్పుడు ఎగదోపుకున్నట్టు చీర దోపుకుని పోయాను. ఆయన ఒకసారి చూసి, "ఎక్కు ఓబులమ్మా" అన్నాడు. అంతే, మొదటి రోజు నుంచే పేరు పెట్టి పిలిచాడు.

నాకు ఆయన పద్ధతి నచ్చింది. దేన్నీ వృథా పోనిచ్చేవాడు కాదు. హారన్ ఊరికే కొట్టేవాడు కాదు. "బ్రేకు తొక్కినావంటే ముందే చూడలేదని అర్థం" అనేవాడు. ఆ లారీలో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు, క్లచ్ ఉంటాయి. ఆయన కాలు ఎప్పుడూ వాటి మీద సిద్ధంగా ఉండేది, కానీ తొక్కడం అరుదు. ఆయన వృథా చేసేది మాటలు ఒక్కటే. ఎక్కింది మొదలు దిగేదాకా మాటలే. అస్సాం రోడ్లు, నాగపూరు టీ, మూతబడిపోయిన ఎద్దుల సంత, ఎవరి గేరు ఎందుకు విరిగిందీ. వాటి మధ్యలోనే నాకు చెప్పాల్సినవీ చెప్పేవాడు. ఏది కథో ఏది పాఠమో తెలిసేది కాదు. ట్రాక్టరు అయితే చక్రం కళ్ళ ముందర తిరుగుతుంది. లారీలో ముందు చక్రం నా కిందే ఉంది, వెనక చక్రం ఎక్కడో ఉంది. మలుపు నేను దాటిన తర్వాత తిప్పమంటాడు. బుద్ధి ఒప్పుకునేది కాదు.

అసలు తిప్పలు ఒక మాటతో వచ్చాయి. వెనక్కి తీయడం నేర్పించేటప్పుడు ఆయన దిగి, లారీ వెనక నిలబడి, రేకు మీద అరచేత్తో కొడుతూ "రైట్... రైట్" అన్నాడు. నేను పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి బస్సు కండక్టరు రైట్ అంటే బస్సు కదలడం చూశాను. కదిలించాను. నేరుగా వెనక్కి పోయి వెనక దీపాన్ని గోడకు ఆనించాను. పగిలింది.

"రైట్ అంటే రైట్‌కు కొట్టమని" అంటూ వచ్చాడు.

"బస్సులో రైట్ అంటే పొమ్మని కదన్నా?"

"ఇది బస్సా?"

మరుసటి రోజు నిలబడ్డ బండిని ముందుకు పోనివ్వమని "రైట్ రైట్" అన్నాడు. నేను కుడికి తిప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. పోనీ కుడి ఎడమ అని చెప్తానన్నాడు. అన్నం ముందర కూర్చుంటే ఏది కుడిచెయ్యో నాకు తెలుసు. అద్దంలో వెనక్కి చూస్తూ స్టీరింగు పట్టుకుంటే మాత్రం ఆ మాట చెవిలో పడి చేతిదాకా వచ్చేసరికి తెల్లారిపోయేది. చివరికి నేనే చెప్పాను. "మా నాయన బండి కట్టినప్పుడు దాపట, ఎలపట అనేవాడన్నా. అవి అంటే నా చేతులు వాటంతటవే పోతాయి." కాడికి ఎడమపక్క కట్టే ఎద్దు దాపటెద్దు, కుడిపక్కది ఎలపటెద్దు. ఏడేళ్ళ వయసులో పగ్గాలు పట్టుకుని నేర్చుకున్నవి.

మౌలాలన్నది జట్కా తోలిన ఇల్లు. ఒంటి గుర్రానికి దాపట ఎలపట ఎందుకుంటాయి? ఆయనకు తెలియదు. అయినా నా కోసం నేర్చుకున్నాడు. టీ తాగుతూ గొణుక్కునేవాడు. మరిచిపోతానని ఎడమ అరచేతిలో పెన్నుతో ఒక గీత గీసుకున్నాడు. నాతో నేర్చుకునే మిగతా నలుగురూ నా కొడుకు వయసువాళ్ళు. "ఏం మామా, లారీ స్కూల్లో సేద్యం నేర్చుకుంటాండావా?" అని ఎగతాళి చేశారు. "నేర్చుకుంటే తప్పేందిరా, పరేషాన్ అయ్యేది నేను, మీకేంది?" అన్నాడు.

పది రోజులు బాగానే జరిగింది. ఒక పగలు జమ్మలమడుగు రోడ్డులో పోతున్నాం. కల్వర్టు సన్నగా ఉంది, ఎదురుగా బస్సు వచ్చింది. ఎడమకు జరగాలి. ఆయన "ఎలపటికి, ఎలపటికి ఓబులమ్మా" అని అరిచాడు. నా చేతులు ఆలోచించలేదు. కుడికి, నేరుగా బస్సు మీదికి తిప్పాయి. ఆయన తన పక్క బ్రేకు తొక్కాడు. బస్సుకు మాకు మధ్య ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది. బస్సు డ్రైవరు మా ఇద్దరి వంశాలనూ తిట్టి పోయాడు. మా వెనక కూర్చున్న కుర్రాళ్ళు భయం తీరాక నవ్వారు.

"నోరు మూసుకో అన్నా" అన్నాను. "నీకే తెలీదు, నాకేం చెప్తావు? నువ్వు నోరు మూసుకుంటే నేను సక్రంగా తోలుతా."

అందరి ముందరా అన్నాను. ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషిని అన్నాను. ఆయన తప్పు చెప్పింది నిజమే. కానీ ఆ తప్పు మాట ఆయన నా కోసం నేర్చుకున్నది. ఆ ముక్క నాకు ఇంటికొచ్చి రొట్టెలు తడుతున్నప్పుడు తట్టింది.

మరుసటి రోజు ఆయన లారీ ఎక్కాడు. బ్రేకు మీద పెట్టే కాళ్ళను పైకి తీసుకుని సీటులో బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. ఆకువక్క నోట్లో వేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "ఎట్ల పోవాలన్నా?" అన్నాను. పలకలేదు. మళ్ళీ అడిగాను. నమలడం ఆపలేదు. ఏం చేయాలో తెలియక బండి కదిలించాను. ఎటు తోస్తే అటు పోయాను. తిరిగి వచ్చాను. ఆయన దిగి, వెనక నుంచి దిగినవాళ్ళతో ఎప్పటిలాగే గలగలా మాట్లాడుకుంటూ పోయాడు.

అలా ఇరవై రోజులు. ఒక్క మాట లేదు. కోపమనుకుని జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి తీసుకుపోయాను. తిన్నాడు, టిఫిను గిన్నె కడిగి తిరిగి ఇచ్చాడు. కోపమున్నవాడు గిన్నె కడిగి ఇస్తాడా? మరి కోపం లేకపోతే కాళ్ళెందుకు పైకి పెట్టుకుంటాడు, నేను ఎక్కడైనా గుద్దితే ఆయన కూడా పోతాడు కదా? క్షమించమని అడగాలనుకున్నాను. అడిగితే మాట్లాడతాడు, మాట్లాడితే మళ్ళీ కలవరపడతాను, ఉగాది దగ్గరికొస్తోంది. ఇలా లెక్క వేసి ఊరుకున్నాను. మాటలోనూ పొదుపే చేశాను. ఆ పొదుపు మంచిదో కాదో తెలియదు.

ఆ ఇరవై రోజుల్లో ఒకనాడు దారి తప్పి ప్రొద్దుటూరు బట్టలంగళ్ళ వీధిలోకి దూరాను. ముందుకు పోతే సందు, వెనక ఆటోలు. ఒక సెట్టి గద్దె మీద నుంచే "ఏమ్మా, బండితో సహా అంగట్లోకి వస్తావా?" అన్నాడు.

"గుమ్మం సరిపోదులే సెట్టీ. బల్ల రవ్వంత లోపలికి జరుపు."

పక్కకు చూశాను. మౌలాలన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇక ఎవరూ లేరని అర్థమై అద్దంలోకి చూశాను. వెనక చక్రం అంగడి మెట్లకు దగ్గరైతే దూరం చేశాను. దూరమైతే దగ్గర చేశాను. అది కుడీ కాదు, రైటూ కాదు, ఎలపటా కాదు. దానికి పేరే లేదు. ఎంతసేపు పట్టిందో తెలియదు, ఎవరినీ తాకకుండా పెద్దరోడ్డు మీదికి తెచ్చాను. ఆయన కళ్ళు తెరిచి ఆకువక్క ఊసి, మళ్ళీ మూసుకున్నాడు.

లైసెన్సు పరీక్ష ఉగాదికి వారం ముందు వచ్చింది. బ్రేకినిస్పెక్టరు పక్కన కూర్చున్నాడు. ముగ్గుపిండితో గీసిన గీతల మధ్య ముందుకు వెనక్కి అంతా చేయించాడు. ఆఖరున గేటు దగ్గర, ఎటు పోవాలో చూపకుండానే "రైట్" అన్నాడు. నా చేతులు ఆగిపోయాయి. ఇది తప్పితే లారీ మైదుకూరు పోతుంది. హ్యాండుబ్రేకు వేసి ఆయన వైపు తిరిగాను.

"పోవాల్నా సార్, తిరగాల్నా?"

"ఏం, రైట్ తెలీదా?"

"తెలుసు సార్. మీది ఏ రైటో తెలీదు."

ఆయన చేత్తో కుడివైపు చూపించాడు. తిప్పాను. కాగితం మీద ఏదో రాసుకుంటూ నవ్వాపుకున్నాడు.

నేరుగా స్కూలుకు పోయాను. మౌలాలన్న టైరు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇరవై రోజుల తర్వాత నాతో మాట్లాడాడు. "పాసా?"

"పాసు."

"అయితే ఇంక రావొద్దు" అని గ్లాసు బోర్లించి లేచిపోయాడు.

అది దీవెనో, వెళ్ళగొట్టడమో నాకు అర్థం కాలేదు. క్షమించమని ఇంకా అడగలేదు. ఆయన వీపు కనపడుతోంది. అప్పుడే జమ్మలమడుగు బస్సు హారన్ వినిపించింది. బస్సెక్కాను. మైదుకూరాయనకు ఫోన్ చేసి లారీ అమ్మడం లేదని చెప్పాం. అప్పటి నుంచి నేనే తోలుతున్నాను.

రెండేళ్ళ క్రితం పంక్చరు అంగట్లో ఎవరో అంటుంటే విన్నాను, మౌలాలన్న పోయాడని. అప్పటికే నెలయిందట. ప్రొద్దుటూరులో ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆయన భార్య చాప వేసి కూర్చోబెట్టి, ఎవరని అడిగింది. పేరు చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఆయన నోరు మూయిచ్చింది నువ్వేనా? నలభై ఏండ్లు నా చేత కాలేదు గదమ్మా."

తిడుతోందో, మెచ్చుకుంటోందో తెలియలేదు. "నా మింద కోపంగా ఉండెనా అక్కా?" అని అడిగాను.

ఆమె పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది. "కోపమొస్తే ఆయన ఇంకా ఎక్కువ మాట్లాడతాండె. సంతోషమొచ్చినా మాట్లాడతాండె. ఊరుకున్నేది ఎప్పుడో నాకూ తెలీదమ్మా. నాతో ఎప్పుడూ ఊరుకోల్యా" అంది. టీ ఇచ్చింది. ఇద్దరం తాగాం.

ఇప్పుడు మా కోడలు నేర్చుకుంటోంది. డిగ్రీ చదివిన పిల్ల, అన్ని రైట్లూ తెలుసు. మొదట్లో పక్కన కూర్చుని ప్రతిదానికీ అరిచేదాన్ని. మొన్న ఆదివారం క్వారీ పక్క ఖాళీ నేలలో లారీని వెనక్కి తీస్తోంది. తిప్పాల్సినచోట తిప్పలేదు. మాట నోటిదాకా వచ్చింది, మింగాను. నా పక్కన బ్రేకు లేదు, అయినా కాలు తొక్కింది. ఆ పిల్ల ఆపి, దిగి, వెనక్కి పోయి చూసుకుని, మళ్ళీ ఎక్కి సరిచేసుకుంది. చాలాసేపటికి అడిగింది.

"ఏందత్తా, ఉలకవు పలకవు. నా మింద కోపమా?"

పొద్దున ఇంజను ఆపకుండా ఫోన్ మాట్లాడి డీజిలు కాల్చింది, కోపం కొంచెం ఉన్న మాట నిజమే. తానే చూసుకోవాలని ఊరుకున్నదీ నిజమే. రెంటిలో ఏది ఎక్కువో నా లోపల వెతికాను. తేలలేదు.

"అద్దం చూడు" అన్నాను.