వానకు పరుగెత్తని ఇద్దరం

మెక్సికోలో అమెరికా కాన్సులేట్ ముందు వీసా క్యూలో ఉండగా వాన మొదలైంది. వీసా రాకపోతే అమెరికాలో నా ఉద్యోగం పోయినట్టే. కాగితాలు ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

అందరూ చూరు కిందికి పరుగెత్తారు. నేను కదల్లేదు. మా కరువు జిల్లాలో వచ్చిన వానకు ఎవరూ వీపు చూపరు. నా ముందున్నాయనా కదల్లేదు; తలెత్తి మొహం తడుపుకుంటున్నాడు.

"ఏమన్నా, మన అనంతపురమా?" తెలుగులోనే అడిగాను.

ఉలిక్కిపడ్డాడు. "మడకశిరప్పా. యట్ల కనుక్కొంటివి?"

"నువ్వూ పరుగెత్తలేదు గదన్నా!"

లోపల ఇద్దరికీ వీసా ఖాయమైంది. బయటికి రాగానే అతను ఇంటికి ఫోన్ చేశాడు.

"ఆడ వానొచ్చెనా?"

ఫోన్ పెట్టేసి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఇప్పుడే పడతాండాదంటప్పా!"

వీసా వచ్చిందని అతను ఇంట్లో చెప్పనేలేదని మా ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.