క్లచ్ మీద ఎడమకాలు

సోమవారం ఉదయం ఆపరేషన్ చేసి అంకుల్ ఎడమకాలు తీసేస్తారు. ఆదివారం మధ్యాహ్నమైనా ఆయన ట్రక్కు స్టార్ట్ కావడం లేదు.

కెనడాలోని సర్రీలో మేం అద్దెకుండే బేస్‌మెంట్ ఆయనదే. పంజాబీ పెద్దాయన, కలప మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ఈ దేశం వచ్చిన కొత్తలో కొన్న పికప్ ట్రక్కు పెరట్లో తుప్పు పట్టి పడి ఉంటే, బాగుచేస్తానని నేనే ఎగబడ్డాను. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఇదేం సరదా అని మా ఆవిడ నవ్వింది. రెండేళ్ల శని ఆదివారాలు దానికే ధారపోశాను. ఎర్రరంగు వేసి వీధిలో నిలబెట్టిన రోజున నా అంతవాడు లేడనుకున్నాను.

ఆ మర్నాటి నుంచే అది తన ప్రతాపం చూపించింది. మొదట కార్బురేటర్ కారింది. అది ఆపితే బ్రేకులు పట్టేశాయి. వాటిని దారికి తెస్తే స్టార్టర్ తిరగడం మానేసింది. తాళం తిప్పితే 'టిక్'మంటుంది, అంతే. కొత్త బ్యాటరీ వేశాను. కొత్త స్టార్టర్ వేశాను. మళ్లీ టిక్. అసలు దోషం ఆ ఆదివారం గడిచిన చాలా రోజులకు గానీ తెలియలేదు. ఎర్త్ తీగ బిగించే చోట కూడా ఇనుము కనపడకుండా రంగు పూసేశాను. స్టార్టర్‌కి కావలసినంత కరెంటు ఇక ఎలా వెళుతుంది? పైన పటారం, లోన లొటారం.

అంకుల్‌కి షుగర్. పాదం మీద పుండు మానక నల్లబడింది. మోకాలి కింద నుంచి తీసేయాలని డాక్టర్లు చెప్పిన రోజు ఆయన నన్ను పిలిచి, మేం మాట్లాడుకునే హిందీలో ఒక్కటే కోరాడు.

"ఇప్పటి బళ్లన్నీ ఆటోమేటిక్, బేటా. ఎడమకాలికి పనే లేదు. నా ట్రక్కులో ఉంది. ఈ కాలు పోయేలోగా ఒక్కసారి క్లచ్ తొక్కాలి."

సరేనని మాటిచ్చేశాను. నోటికి హద్దుండొద్దూ!

ఆ ఆదివారం పొద్దుటి నుంచి ట్రక్కు కిందే పడుకున్నాను. రెంచి జారి వేళ్లు చిట్లాయి. ఏడుపొచ్చింది. అంకుల్ మెట్ల దగ్గర కుర్చీలో కూర్చుని, కట్టు మీద వదులు చెప్పు తొడుక్కుని చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది.

"పోనీ రేపు హాస్పిటల్‌కి మన కార్లోనే కదా తీసుకెళ్తాం. కాసేపు అలా డ్రైవ్‌కి తిప్పి..." అంది మా ఆవిడ.

"కార్లో క్లచ్ ఉందా?" అని అరిచాను.

"నామీద అరవకండి. అసలు తోసి చూశారా? మా నాన్న జీపు రోజూ నలుగురం తోస్తేగానీ కదిలేది కాదు."

సిగ్గేసింది. కాలేజీ రోజుల్లో నా స్కూటర్ నేను ఎక్కిందానికన్నా తోసిందే ఎక్కువ. పదేళ్ల కెనడా ఆ బుద్ధి కాస్తా పోగొట్టింది.

మా వీధి ఒకవైపు మూసి ఉంటుంది, అటువైపే కాస్త వాలు. అంకుల్‌ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టాం. ఆయన కిందికి చూశాడు.

"స్పర్శ లేదు బేటా. పెడల్ మీదే ఉందా?"

ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని క్లచ్ మీద పెట్టాను. అలాంటి కాలితో నడపనివ్వడం తప్పని తెలుసు. నడక వేగం దాటనని ఒట్టు పెట్టించుకుని వెనక్కి వెళ్లాను.

ఇద్దరం తోశాం. కదల్లేదు. మళ్లీ తోశాం. ఊపిరి అందక, ఇక నావల్ల కాదనుకుంటుండగా చక్రాలు కదిలాయి. "క్లచ్ వదలండి అంకుల్!" అని కేకేశాను. ట్రక్కు ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, అందుకుంది.

ఆయన మెల్లగా వీధి చివరిదాకా వెళ్లి, గుండ్రంగా తిరిగి వచ్చి, ట్రక్కును మళ్లీ వాలువైపుకే తిప్పి మా ముందు ఆగాడు. గేరు మార్చిన ప్రతిసారీ తల వంచి కాలు చూసుకున్నాడు. నేను చప్పట్లు కొడుతుండగానే తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు.

"అయ్యో, ఎందుకాపారు? మళ్లీ స్టార్ట్ కాదు!"

"తెలుసు," అన్నాడు, పాదం మీంచి చూపు ఎత్తకుండా. "ఇంకోసారి తోస్తారా?"

మా ఆవిడ అప్పటికే వెనక్కి వెళ్లి చేతులు ఆనించింది. నేనూ వెళ్లి తన పక్కన నిలబడ్డాను.