సుర్మా కంటి కింది సుడి

సారపాక దాటి జామాయిల్ తోటల నడుమ మట్టిరోడ్డున పోతే, ఇబ్రహీం గుర్రాల దొడ్డి కనపడక ముందే ఉడికిన ఉలవల వాసన ఎదురొచ్చేది. నాలుగెకరాల చెలక, వెదురు కంచె, పెంకుల కొట్టం. అందులో ఉండేవి దక్కనీ గుర్రాలు. పొట్టివి, వెడల్పు ఛాతీవి, రాయిలాంటి గిట్టలవి. పెళ్లి ఊరేగింపులకు వచ్చే పొడుగు మార్వాడీ గుర్రాల పక్కన నిలబెడితే నవ్వేవాళ్లూ ఉన్నారు. కానీ బరువు మోస్తూ వాగురాళ్ల మీద తడబడకుండా నడవాలంటే వాటికవే సాటి. ఇబ్రహీం తాత వీటి మీదే ఉప్పు మూటలు వేసుకుని అడవి ఊళ్లన్నీ తిరిగాడు. తండ్రి జాతి చెడకుండా కాపాడాడు. రెండువేల మూడు నాటికి ఇబ్రహీం చేతిలో ఒక్క జోడే మిగిలింది: ముసలి పోతుగుర్రం బాద్షా, ఆడగుర్రం షబ్నం.

నిజానికి ఆ ఇంటికి పేరు తెచ్చింది గుర్రాలు కాదు, ఇబ్రహీం అరచెయ్యి. కళ్లు మూసుకుని గుర్రం నుదుటి నుంచి తోకదాకా తడిమి, వెంట్రుకలు ఎక్కడెక్కడ సుడి తిరిగాయో చెప్పేవాడు. గొంతు మీద సుడి యజమానికి కలిసొస్తుంది. కంటి కింద ఉంటే అది ఏడుపు సుడి, ఇల్లంతా కన్నీళ్లే. ఖమ్మంలో పెళ్లిళ్లకు గుర్రాలు కిరాయికిచ్చే మోతీలాల్ ఒకసారి ముచ్చటపడి కొన్న తెల్ల గుర్రాన్ని తీసుకొచ్చాడు. ఇబ్రహీం కంటి కింద వేలు పెట్టి, "వద్దు సేఠ్" అన్నాడు. వారం తిరక్కుండా మోతీలాల్ దాన్ని వదిలించుకున్నాడు. పైగా ఇబ్రహీం మాటకు తిరుగులేదని పదిమందికీ చెప్పాడు.

ఆ రెండువేల మూడు వానాకాలంలోనే షబ్నం ఈనింది. మగపిల్ల. నల్లగా, తడి ఆరకముందే లేచి నిలబడింది. అలాంటి కాళ్లు తండ్రి కాలంలో కూడా చూడలేదు ఇబ్రహీం. భార్య బేగం కాటుక దిద్దినట్టున్న ఆ నల్లటి కళ్లు చూసి సుర్మా అని పేరు పెట్టేసింది. ఇబ్రహీం మురిసిపోతూ నుదురు తడిమాడు, చెంప తడిమాడు. ఎడమ కంటి కిందికి రాగానే వేలు ఆగిపోయింది.

"ఏందజీ?" అంది బేగం.

"ఏం లేదు" అన్నాడు. రెండేళ్లు అదే మాట అన్నాడు.

సుర్మాకు రెండేళ్లు నిండి, కంచె అవతలి నుంచి ఆడగుర్రం వాసన తగిలితే సకిలించడం మొదలుపెట్టాక ఇక దాచడం కుదరలేదు. పశువుల కాంపౌండర్‌ను పిలిపించి విత్తులు తీయిస్తానన్నాడు. ఆ సుడి ఇంకో తరానికి పోగూడదట.

బేగం చేట కింద పడేసింది. "మీద వాలిన ఈగనే తోల్కోదు. గది నిన్నేం ఏడిపిస్తది?"

"మోతీలాల్ గుర్రాన్ని వద్దన్న చెయ్యి ఇది. నా దొడ్లనే అసుంటిది పెట్టుకుంటే మొహం మీద ఉమ్మరా?"

"ఉమ్మితే తుడ్సుకో. పిల్లను ఖరాబ్ చెయ్యకు."

"బాద్షా ఉన్నడు గద. ఇంకోటి పుడ్తది."

కాంపౌండర్ వచ్చి వెళ్లాడు. పుండు మానగానే ఇబ్రహీం సుర్మాను తాండా నుంచి వచ్చిన బిచ్యాకు ఇచ్చేశాడు. ఇచ్చేముందు నిజం దాచలేదు, సుడి చూపించాడు. బిచ్యా పకపకా నవ్వాడు. "మా తాండల సుడెవడు చూస్తడు భాయ్? కాళ్లు నాలుగున్నయా లేవా, గంతే."

షబ్నం ఆ ఏడు చూలు కట్టలేదు. మరుసటి ఎండాకాలం బాద్షాకు పేగు మెలిపడింది. పొద్దున కడుపు వైపు తల తిప్పి చూసుకోవడం మొదలుపెట్టినవాడు, మధ్యాహ్నానికి లేడు. ఇబ్రహీం పోతు కోసం ఎర్రుపాలెం వెళ్లాడు, నేలకొండపల్లి వెళ్లాడు, రైలెక్కి మహారాష్ట్ర జాతరలూ తిరిగాడు. దక్కనీదే అని చూపించిన ప్రతి గుర్రానికీ చెవుల కొనలు లోపలికి వంగి ఉన్నాయి. మార్వాడీ కలిసిందన్నమాట. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

సంతలో బిచ్యా కనపడేవాడు. సుర్మా మీద మొక్కజొన్న బస్తాలుండేవి. ఇబ్రహీం పని కట్టుకుని వెళ్లి అడిగేవాడు, "ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నం భాయ్."

"పిల్లలు? గొడ్డూ గోదా?"

"అంత మంచిదే. మొన్ననే ఆవు ఈనింది."

ఆ జవాబు వినగానే ఇబ్రహీం మొహం వాడిపోయేది. ఎవరికైనా జ్వరమని, బోరు ఎండిందని, ఏదో ఒక కీడు వినపడుతుందేమోనని అడిగేవాడు అతను. వినపడితే తను చేసింది తప్పు కాదని తేలుతుంది. నమాజు చేసే మనిషినై ఉండి ఇంకొకడి ఇంట్లో ఏడుపు కోరుకుంటున్నానే అని దారంతా కుమిలిపోయేవాడు. మళ్లీ సంత రాగానే మళ్లీ అడిగేవాడు. నాలుగేళ్లలో బిచ్యా ఇంట ఏమీ కాలేదు.

రెండువేల తొమ్మిదిలో పాత గుర్రపు జాతుల లెక్క రాసుకుంటూ ఒక డాక్టరమ్మ వచ్చింది. షబ్నంను టేపుతో కొలిచి, సంబరంగా తల ఎత్తింది. "ఇంత శుద్ధమైనది నేను చూడలేదు. ఇంకో ఈత ఈనగలదు. పోతు ఉందా?"

ఇబ్రహీం ఆమెను తాండాకు తీసుకెళ్లాడు. సుర్మా అతని చొక్కా వాసన చూసి భుజం మీద గడ్డం ఆనించాడు. డాక్టరమ్మ సుర్మా మెడ నిమిరింది, కాళ్లు చూసింది, వంగి వెనక కాళ్ల నడుమ చూసి ఇబ్రహీం వైపు తిరిగింది.

"ఎవరు చేయించారు?"

"నేనేనమ్మా." కంటి కింద సుడి చూపించాడు.

ఆమె వేలితో తాకి చూసింది. "వెంట్రుకలేనండీ ఇవి" అంది మెల్లగా. తిట్టినా బాగుండేది.

"తీస్కపో భాయ్, నీ గుర్రమే గద" అన్నాడు బిచ్యా, అతని మొహం చూసి.

"తీస్కపోయి నేనేం జేస్త రా" అన్నాడు ఇబ్రహీం.

ఆ నెలలోనే మోతీలాల్ కొత్త గుర్రంతో దిగాడు. "జర చెయ్యి పెట్టి చూడు భాయ్."

"పళ్లు చూస్త, గిట్టలు చూస్త. సుడి మాత్రం చూడ సేఠ్."

"గదేంది! నాతోని తెల్ల గుర్రాన్ని అమ్మిస్తివి గద?"

"అవ్. తప్పు చెప్పిన."

మోతీలాల్ ఒక క్షణం తెల్లబోయి చూసి, సరేలే అని పెదవి విరిచి, చాయ్ అడిగాడు. అంతే. మొహం మీద ఎవరూ ఉమ్మలేదు. గుమ్మంలో నిలబడి అంతా విన్న బేగం లోపలికి పోయి చాయ్ కాచింది. చాయ్ గ్లాసులు వాళ్ల ముందు పెట్టి, కొట్టంలోకి పోయి, షబ్నం ఒక్కదానికి సరిపడా ఉలవలు నానబెట్టింది.