తొలి వానకు వాగులో సీసం

2022 చలికాలం. నేను ఖమ్మంలో ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేస్తున్నాను. టేకులపల్లి అవతల అడవి అంచున ఉన్న ఒక తండా నుంచి శారద అనే అంగన్‌వాడీ టీచర్ వాగు నీళ్లు పట్టుకొచ్చింది. తండావాళ్లు తాగేది ఆ నీళ్లే. ఏటా వానలు మొదలవగానే పిల్లలు కడుపునొప్పితో డీలా పడిపోతున్నారని ఆమె దిగులు.

హెవీ మెటల్స్ టెస్ట్ చేశాను. సీసం వంటి విష లోహాలను పట్టే పరీక్ష అది. అన్నీ హద్దులోనే ఉన్నాయి.

"నీళ్లు మంచిగనే ఉంటే పిల్లలకు గట్ల ఎందుకైతాంది మేడమ్?" అంది.

ఎండాకాలమంతా వాగు గట్ల మీద లోహాలేవైనా పేరుకొని ఉంటే, తొలి వాన వాటిని ఒక్కసారిగా వాగులోకి ఈడ్చుకొస్తుందని చెప్పాను. మేం దాన్ని ఫస్ట్ ఫ్లష్ అంటాం. వానలు ముదిరాక నీరు పెరిగి విషం పలచబడుతుంది. తొలి వాన నీళ్లు తెమ్మని శుభ్రమైన బాటిళ్లిచ్చి పంపాను.

జూన్‌లో తొలి వాన పడిన రోజే శారద తడిసిన చీరతో ల్యాబ్ గుమ్మంలో నిలబడింది. బస్సు రాకపోతే బురదలో మెయిన్ రోడ్డు దాకా నడిచి, లారీ ఎక్కి వచ్చిందట. ఆ నీళ్లలో సీసం హద్దుకు ఎన్నో రెట్లు ఉంది.

మర్నాడు తండాకు వెళ్లాను. శారద వాగు దారికి అడ్డంగా నిలబడి ఉంది. బిందెతో వచ్చిన ఒక ముసలమ్మ మండిపడుతోంది.

"పెండ్లయి వచ్చినకాడి నుంచి తాగుతున్న. నాకేమైందే?"

"నీకేం కాలే పెద్దమ్మా. నీ మనవడు అన్నం ముడతలేడు, అది సూడు. బిందె ఇటియ్యి, బోరు నీళ్లు నేను తెస్త."

బోరు పొలాలకు అవతల ఎక్కడో ఉంది. శారద నిజంగానే బిందె చంకనెత్తుకొని నడిచింది. కాసేపటికి మిగతా ఆడవాళ్లూ ఆమె వెనకే కదిలారు.

ఆ సాయంత్రం మేమిద్దరం వాగు వెంట పైకి వెళ్లాం. ఎవరో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసుకొని, మిగిలిన చెత్తను గట్టు మీదే పారబోసి పోయారు. ఆ కుప్పను చూసి శారద ఏడ్చేసింది. తర్వాత ఊరుకోలేదు. పిల్లలందరినీ దవాఖానాకు తీసుకెళ్లింది. ఆఫీసుల చుట్టూ తిరిగి కుప్పనూ కింది మట్టినీ తీయించింది, తండాకు కుళాయి నీళ్లు రప్పించింది. పిల్లలు మెల్లగా తేరుకున్నారు.

మరుసటి ఏడు తొలి వాన నీళ్లు బాగున్నాయని ఫోన్‌లో చెప్పాను. ఆమె సంతోషపడి, వెంటనే అడిగింది: "ఎండకాలం వాగు సన్నబడ్డప్పుడు గూడ సూద్దామా మేడమ్? మేకలు తాగుతయి గదా."

నా రిపోర్టు ఆ ఒక్కరోజు నీళ్ల సంగతే చెబుతుంది. వాగును కనిపెట్టుకొని ఉండాలంటే ఏడాది పొడవునా దాని మీద మనసున్న మనిషి కావాలని శారద దగ్గరే నేర్చుకున్నాను.