లోడు లారీకి తాళం మార్చిన మధ్యాహ్నం

మొన్న వేసవి మొదట్లో హైవే పక్కన కొత్తగా హోటల్ పెట్టినవాళ్ళు నాకు కబురు చేశారు. వచ్చినవాళ్ళు ఎక్కి ఫొటోలు దిగడానికని ఎక్కడినుంచో ఒక పాత ముక్కు లారీని కొనుక్కొచ్చి, రంగు వేయించి గుమ్మం ముందు నిలబెట్టారట. దానికి తాళంచెవి లేదట, లైట్లు వెలగాలంటే తాళమే మార్చాలట, ఈ కాలపు మెకానిక్కులెవరూ ఆ బండి జోలికి రావడం లేదట. లారీల కరెంటు పని మానేసి చాలాకాలమైనా ముక్కు లారీ అనే మాట వినగానే కాళ్ళు ఆగలేదు. మన ఈడువాళ్ళకు ఆ బండ్లు గుర్తుండే ఉంటాయి. ఇంజను ముందుకు పొడుచుకొచ్చి, ఎదురుగా వస్తుంటే కోపంతో ఉన్న పెద్దమనిషి మీదికి నడిచొస్తున్నట్టే ఉండేది. డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చి తాళం వెనక వైర్లు తడిమానో లేదో, ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళు దాచుకున్న ఒక మధ్యాహ్నం మనసులోకి వచ్చేసింది. అది రాసేస్తే తప్ప నిద్రపట్టేలా లేదు.

తొంభైల చివర్లో రెండేళ్ళు వరసగా పత్తి పోయి, నేను మా మేనమామ ముక్కు లారీకి డ్రైవరుగా చేరాను. ప్రత్తిపాడు దగ్గర పల్లె ఆయనది. ఊళ్ళో మిరపకాయలన్నీ ఆ లారీలోనే గుంటూరు యార్డుకి వెళ్ళేవి. ఒకరోజు కల్లంలో బస్తాలు తొక్కుతుండగా బండి తాళంచెవి కనబడకుండా పోయింది. ఉదయం దాన్ని మామయ్య చేతికిచ్చానని నాకు బాగా గుర్తు, ఇవ్వలేదని ఆయన. మాటా మాటా పెరిగి నా చెంప పగలగొట్టాడు. అంతటితో ఆగితే మరిచిపోయేవాణ్ణేమో. కూలీలందరూ చూస్తుండగా నా చొక్కా జేబులూ లాగు జేబులూ తిరగేయించాడు. ముప్పయ్యేళ్ళవాణ్ణి, జేబులు నాలుకల్లా వేలాడుతుంటే అందరి మధ్యా నిలబడ్డాను. రంగు వెలిసిన తాలు కాయలు ఏరుతున్న మా అమ్మ, ఆయన తోడబుట్టినదే, తలెత్తలేదు. ఆమె చేతులు మాత్రం ఆగకుండా ఏరుతూనే ఉన్నాయి. తన పుట్టింటి గడప ఆమె మళ్ళీ తొక్కలేదు.

పది రోజుల తర్వాత యార్డులో ఒక బస్తా కుమ్మరిస్తే కాయల మధ్యలోంచి ఆ తాళంచెవి జారిపడిందట. వంగి బస్తా తొక్కుతున్నప్పుడు ఆయన పైజేబులోంచే పడి, కాయలతోపాటు కుట్టేయబడింది. ఊరంతా నవ్వుకున్నారు, ఆయనా నవ్వాడట. నాతో మాత్రం ఒక్కమాట అనలేదు.

అప్పటికే నేను గుంటూరు చేరి, నల్లపాడు దారిలో లారీలకు కరెంటు పనిచేసే ఒక మేస్త్రీ దగ్గర కుదురుకున్నాను. ఆయన సాయిబు, మితభాషి, వైర్ల కట్ట మీదికి వంగితే శుక్రవారం నమాజుకి తప్ప లేచేవాడు కాదు. ముప్పయ్యేళ్ళకి పని నేర్చుకోవడం సులువు కాదు. కానీ నాకు కోపమే గురువైంది. బిగించిన ప్రతి నట్టుకీ మామయ్య ముఖం అమర్చుకునేవాణ్ణి. ఆ షెడ్డులో అన్నిటికంటే ముందు నేర్పే సూత్రం ఒకటుంది: లోడు బండి నిలబడిపోతే ముందు కదిలించు, తర్వాత బాగుచెయ్యి. లోడులో ఎవరి బతుకు ఉందో మనకు తెలియదనేవాడు మేస్త్రీ.

అయిదేళ్ళు గడిచాయి. మిరప సీజన్ మధ్యలో, మబ్బు పట్టిన ఒకరోజు మామయ్య మనిషి మా షెడ్డుకొచ్చాడు. లారీ లోడుతో కల్లంలోనే నిలబడిపోయింది, తాళంచెవి లేదు. ఈసారి పోగొట్టింది ఆయనేనని, అదీ అదే తీరున ఏదో బస్తాలో పడేశాడని విని, మేస్త్రీ చెప్పకముందే సంచీలో కొత్త తాళం వేసుకుని బయల్దేరాను. దారిపొడవునా ఏం అనాలో కూర్చుకుంటూనే ఉన్నాను.

కల్లంలో కాలుపెట్టగానే, కూలీలందరికీ వినబడేట్టు అడిగాను. "ఈసారి ఎవరి జేబులు తిరగేశావు మామయ్యా?"

ఎవరో పక్కకి తిరిగి కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. ఆకాశం వైపు చూపించి, "ఒరేయ్, తర్వాత తిడుదువుగాని. వైర్లు కలిపి స్టార్టు చేసెయ్యి, తాళం రేపు చూసుకుందాం" అన్నాడు.

నిజానికి ఆ పని పావుగంట. తాళం వెనకాల రెండు వైర్లు కలిపి, సెల్ఫ్ వైరు ఒక్కసారి తగిలిస్తే ఇంజను అందుకుంటుంది. కానీ ఆయన అంత బతిమాలే గొంతుతో మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. ఆ గొంతు నాకు తియ్యగా ఉంది.

"అట్టా చేస్తే వైరింగ్ మొత్తం తగలబడుద్ది. పాత బండి" అన్నాను. పోనీ ట్రాక్టరు కట్టి లాగిద్దామా అంటే, ఇంత లోడుతో నల్లరేగడిలో లాగితే గేర్‌బాక్స్ విరుగుద్దన్నాను. రెండూ అబద్ధాలే. మెకానిక్ మాట కాబట్టి నమ్మారు.

ఇక మొదలుపెట్టాను. బ్యాటరీ వైరు విప్పి, గుడ్డతో తుడిచి, మళ్ళీ తుడిచాను. తాళం వెనకున్న వైర్లకు గుర్తు కోసం దారపు ముడులు వేశాను, అవి నాకు కళ్ళు మూసుకున్నా తెలిసినవే. కొత్త తాళానికి పాత బెజ్జం కాస్త ఇరుకైతే, ఆకురాయితో నాలుగు రాపిడులు చాలేచోట నలభై రుద్దాను. ప్రతి రాపిడికీ మామయ్య లేచి మబ్బు వంక చూసి మళ్ళీ కూర్చునేవాడు. నేను లెక్కపెట్టుకుంటూ ఆనందించాను.

మధ్యలో ఒక మనిషి మంచినీళ్ళ చెంబు తెచ్చిచ్చాడు. మామయ్య పొలం కౌలుకి చేసుకునే ఆయన, మేమంతా బాబాయి అనేవాళ్ళం. జేబులు తిరగేసిననాడు కూడా చెయ్యిపట్టుకుని నన్ను బండి చాటుకి తీసుకెళ్ళి నీళ్ళిచ్చింది ఆయనే. "అయ్యా, మన కాయలు కూడా ఎక్కించారు, పైవరస మొత్తం మనదే. కాస్త తొందరగా చూడు" అని మెల్లగా అన్నాడు. విన్నాను. విని కూడా చెయ్యి తొందరపెట్టలేదు. ఇప్పటికీ నన్ను తినేది ఆ క్షణమే.

తాళం కూర్చుంది. మామయ్య తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. "కొత్త తాళం పడ్డాక టైరు కింద నిమ్మకాయ తొక్కించకుండా కదిలిస్తారా? నాకు తెలియదబ్బా, తర్వాత ఏదన్నా అయితే నన్ననొద్దు" అన్నాను. అంత భయం పెట్టాక ఎవరు కాదంటారు? నిమ్మకాయ కోసం ఊళ్ళోకి మనిషిని పంపారు. వాడు తిరిగొచ్చేలోపే మొదటి చినుకు బానెట్ మీద టప్పున పడింది.

చిరుగుల పట్టా పైకి లాగి తాళ్ళు బిగించేసరికి వాన దంచింది. నిమ్మకాయ లేకుండానే బండి స్టార్టయింది, నా పని మంచి పనే మరి. కానీ చక్రాలు నల్లమట్టిలో దిగబడి, తెల్లవారేదాకా కల్లం దాటలేదు. అడుగు వరసల్లోని మామయ్య కాయలకు పెద్దగా ఏమీ కాలేదు. నీళ్ళన్నీ పైవరసే తాగింది. యార్డులో బాబాయి కాయనంతా తాలు కింద తీసేసి చవగ్గా ధర కట్టారు.

షెడ్డుకి తిరిగొచ్చాక మేస్త్రీ అంతా విని, "లోడు బండేగా, కదిలించి రాలేకపోయావా?" అని మాత్రం అడిగాడు. వైరింగ్ బాగాలేదన్నాను. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, మళ్ళీ వైర్ల కట్ట మీదికి వంగాడు. ఆ తర్వాత చాలా రోజులు నాకు పనిముట్టు చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టేవాడు, నేను తీసుకునేవాణ్ణి.

బాబాయి మరుసటి ఏడు కౌలు వదిలేసి, ఇంటిల్లిపాదినీ తీసుకుని పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనికి వెళ్ళిపోయాడు. రెండేళ్ళు తటపటాయించి, చెప్పేసి కాళ్ళు పట్టుకుందామని వెళ్ళాను. కనుబొమల దాకా సున్నం పట్టి తెల్లగా ఉన్న మనిషి నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని పక్కవాళ్ళకు చూపించాడు. "ఆ వాననాడు చేతులు కొట్టుకుపోయేదాకా రుద్ది మా బండి లేపింది ఈ బాబే. ఈయన రాకపోతే ఆ నాలుగు కాయలూ దక్కేవి కావు" అన్నాడు. నాకు టీ తెప్పించాడు. అది తాగి, ఏమీ చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాను. ఆ తర్వాత ఆయన ఎక్కడున్నాడో తెలుసుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

మామయ్య పోయి చాలాకాలమైంది. ఆయన మీద కోపం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. మా అమ్మ వంచిన తల గుర్తొస్తే ఇప్పటికీ పిడికిలి బిగుస్తుంది. ఇప్పుడు వాన సంగతి ఫోనే ముందుగా చెబుతోంది, కాయలు కల్లంలోంచి నేరుగా కోల్డు స్టోరేజీకి పోతున్నాయి, మబ్బు చూస్తూ ఒక మెకానిక్ చేతుల వంక ఆశగా చూడాల్సిన అవసరం ఎవరికీ లేదు. మంచిదే. అయినా అప్పట్లో మన చేతిపనిని మనుషులు ఎంత నమ్మేవారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. అంత నమ్మకం దొరికిన కాలంలో పుట్టి, ఒక్క మధ్యాహ్నం దాన్ని అలా వాడుకున్నాను.